సారు అడిగిన ఏడుపు

మా బడిలో తొమ్మిదో తరగతికి ఇంగ్లీషు నుడికారాలు చెప్పేటప్పుడు ఒక్కదాని దగ్గర నా గొంతు మారుతుందని పిల్లలు ఎప్పుడో కనిపెట్టేశారు. అది ‘ఆఫ్ ది కఫ్’. ముందుగా ఏమీ తయారుకాకుండా, కాగితం చూడకుండా, అప్పటికప్పుడు నోటికి వచ్చింది మాట్లాడటం అని దాని అర్థం. ‘కలెక్టరు గారు ఆఫ్ ది కఫ్ మాట్లాడారు’ అంటే రాసుకొచ్చింది పక్కన పెట్టేసి మాట్లాడారని. ‘ఆఫ్ ది కఫ్ అడిగితే నేనేం చెప్పేది’ అంటే ఆలోచించుకోనివ్వకుండా అడిగారని. వాడుక సులువే. కఫ్ అంటే చొక్కా చేతి చివర గుండీ పెట్టుకునే పట్టీ. వెనకటికి దొరలు విందుల్లో లేచి మాట్లాడాల్సి వస్తే, మరిచిపోకుండా ఆ గంజిపట్టీ మీద రెండు ముక్కలు పెన్సిలుతో గీసుకునేవారని, ఈ మాట అక్కడ పుట్టిందని చెబుతారు. అంటే, అప్పటికప్పుడు మాట్లాడటం అనే మాట పుట్టిందే దొంగచాటుగా రాసుకొచ్చినవాళ్ళ దగ్గర! ఇది చెప్పగానే పిల్లలు పడీపడీ నవ్వుతారు. నేను మాత్రం నవ్వను.

నాకు ఆ మాట నేర్పిన మనిషి మీద ఇరవై ఏళ్ళకు పైగా పగ ఉంది. పగ అంటే ఉత్తుత్తి అలక అనుకునేరు. నాకు ముక్కు మీద కోపం అని మా స్టాఫ్ రూములో అందరూ అంటారు. ముక్కు మీది కోపానిదేముంది, తుమ్మితే పోతుంది. ఇది కడుపులో పెట్టుకుని పెంచుకున్నది. ఆ మనిషి మార్కాపురంలో నేను చదివిన కాలేజీలో ఇంగ్లీషు సారు.

ముందు మా అమ్మ గురించి చెప్పాలి. మాది కంభానికీ గిద్దలూరికీ నడుమ ఒక చిన్న ఊరు. గొర్లు, కొంచెం మెట్టపొలం. నాయన గొర్ల వెంట పోయేవాడు, చేనూ ఇల్లూ అమ్మ చూసుకునేది. మామూలు రోజుల్లో అమ్మ నోట్లో నాలుక లేని మనిషి. అంగట్లో చిల్లర తక్కువ ఇచ్చినా మళ్ళీ అడగదు. కానీ ఎవరైనా పోయారంటే చాలు, చుట్టుపక్కల నాలుగు ఊళ్ళ నుంచి అమ్మ కోసం మనిషి వచ్చేవాడు. మా వైపు ఆడవాళ్ళు వర్ణించి ఏడుస్తారు. అమ్మ అట్లా ఏడిస్తే రాతిగుండె మగవాళ్ళు కూడా పక్కకు తిరిగి ముక్కు చీదుకునేవాళ్ళు.

ఆ ఏడుపుకు ఒక పద్ధతి ఉంది. మొదట పోయిన మనిషి మంచి చెప్పాలి. తర్వాత వాళ్ళు పడ్డ బాధా, ఒకరిని పెట్టిన బాధా చెప్పాలి. చివర దోవ చల్లగా ఉండాలని సాగనంపాలి. ఏడ్చే మనిషి నోటికి ఎవరూ అడ్డం రాకూడదు, ఊరి పెద్దయినా సరే. ఆపాలంటే ఒకటే దారి. ఆమెకు కావలసిన మనిషి లేచి చెంబుతో నీళ్ళు ఇవ్వాలి. ఆ నీళ్ళు తాగిందా, ఏడుపు ముగిసినట్టు. ఇవ్వకపోతే పొద్దుగూకేదాకా అందరూ విని తీరాల్సిందే. మా ఊళ్ళో ఒకాయన తల్లిని పశువుల పాకలో పడేసి, ఆమె పోయాక మాత్రం మనిషంత దండ తెచ్చాడు. “బతికినన్నాళ్ళు ముద్ద సంగటికి మొగం వాచితివే తల్లీ, ఇప్పుడు బండెడు పూలు తినిపోవే తల్లీ” అని అమ్మ రాగం ఎత్తుకుంది. ఆయన నీళ్ళివ్వమని అందరి మొహాలూ చూశాడు, ఒక్కరు కదిలితే ఒట్టు.

చిన్నప్పుడు నేనడిగాను, “అమ్మా, అవన్నీ ముందే అల్లుకొని పోతావా?” అని.

“అల్లుకొని పోతే అది ఏడుపు ఎట్లయితాది పాపా? మనిషి మొగం చూస్తే అదే వస్తాది,” అంది.

నేను మార్కాపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేటప్పుడు అమ్మ అప్పుడప్పుడూ జొన్నరొట్టె, చెనక్కాయల పచ్చడి క్యారియరులో తెచ్చేది. ఒక రోజు కాలేజీ హాల్లో వక్తృత్వపు పోటీ పెట్టారు. అక్కడికక్కడ చీటీ తీసి, వచ్చిన విషయం మీద ఇంగ్లీషులో మాట్లాడాలి. సారు స్టేజీ మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని, “ఆఫ్ ది కఫ్! ఆఫ్ ది కఫ్!” అంటూ అర్థం చెప్పాడు. ఆయన అప్పటికప్పుడు మాట్లాడటంలో దిట్ట అని పేరు. ఆయన మాటల్లో ఏ జోకు ఎక్కడ వస్తుందో పై తరగతి పిల్లలు మాకు ముందే చెప్పేవాళ్ళు, సరిగ్గా అక్కడక్కడే వచ్చేవి. అది వేరే సంగతి.

నాకు ‘వాన’ అని వచ్చింది. నాకు వచ్చిన ఇంగ్లీషు అంతంత మాత్రం. అయినా ఆగకుండా, మా మెట్టకు రాని వాన గురించి మాట్లాడాను. ముగించగానే సారు నవ్వి, “ఏందమ్మా, వాన గురించి చెప్పమంటే చావు ఇంట్లో ఏడ్చినట్టు చెప్పినావు?” అన్నాడు. హాలంతా గొల్లుమంది. మా హాస్టల్ పిల్ల ఒకతి నోరు ఊరుకోక, “సార్, వాళ్ళమ్మ ఏడుపులకు ఫేమస్ సార్, అదో, తలుపుకాడ ఉంది,” అని అరిచింది. దాని నోట మన్ను పడ. తిరిగి చూస్తే నిజంగానే అమ్మ, క్యారియరు పట్టుకుని, నా మాటలు వినడానికి తలుపు పక్కన నిలబడి ఉంది.

“రామ్మా, రా, పైకి రా,” అన్నాడు సారు. సారు పిలిస్తే పోకపోవడం తప్పనుకుంది అమ్మ. చెప్పులు మెట్ల కింద విడిచి, క్యారియరుతో సహా ఎక్కింది. సారు ఆమె చేతిలో మైకు పెట్టాడు. “నేను చచ్చిపోయినా అనుకో. ఇదో, ఈ కుర్చీలో శవం. ఆఫ్ ది కఫ్ నాలుగు ముక్కలు ఏడువు. మా పిల్లోళ్ళు నేర్చుకుంటారు,” అని కళ్ళు మూసుకుని, తల పక్కకు వాల్చి, నాలుక బయటపెట్టాడు. పిల్లలు బెంచీలు కొట్టి మరీ నవ్వారు.

అమ్మ నోరు తెరిచింది. మాట రాలేదు. బతికున్న మనిషి మీద ఏడిస్తే ఆ మనిషికి కీడు అని మా వాళ్ళ నమ్మకం. ఆయనకు కీడు తలపెట్టలేకా, సారు మాట కాదనలేకా, మైకులో ఊపిరి మాత్రం వినిపిస్తుంటే నిలబడిపోయింది. సారు ఒక కన్ను తెరిచి, “చూసినారా? ఆఫ్ ది కఫ్ అంటే అందరికీ రాదు!” అన్నాడు. అమ్మ మైకు బల్ల మీద పెట్టి, క్యారియరు నా చేతికిచ్చి, చెప్పులు వేసుకోవడం కూడా మరిచి వెళ్ళిపోయింది. నేను ఆ చెప్పులు పట్టుకుని బస్టాండు దాకా పరిగెత్తాను. అప్పటికే బస్సు వెళ్ళిపోయింది. ఆ చెప్పులతో వెనక్కి పోయి ఆయన మొహాన కొట్టి ఉండాల్సిందని ఇప్పటికీ అనుకుంటాను.

అక్కడితో అయిపోయి ఉంటే నేనూ మరిచిపోయేదాన్నేమో. ఆ తర్వాత అమ్మ ఏ చావు ఇంట్లోనూ ఏడవలేదు. మనిషి వచ్చి పిలిస్తే పోయేది, మూలన కూర్చునేది. నోరు తెరిస్తే ఆ నవ్వులే వినిపిస్తాయి అనేది. “గొంతుకాడికి వచ్చి ఆగిపోతాది పాపా,” అనేది. కొన్నాళ్ళకు పిలవడమూ మానేశారు.

తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. ఆరేళ్ళ కింద నాయన పోయాడు. ఊరు ఊరంతా మా వాకిట్లో కూర్చుని అమ్మ వైపే చూసింది. ఊళ్ళో అందరి మొగుళ్ళకూ ఏడ్చిన మనిషి, తన మొగుడికి ఎట్లా ఏడుస్తుందోనని. అమ్మ నాయన కాళ్ళ దగ్గర కూర్చుని నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. సరిగ్గా ఆ స్టేజీ మీద తెరిచినట్టే. నేను నీళ్ళ చెంబు పట్టుకుని పక్కనే కూర్చున్నాను, ఆ నీళ్ళ అవసరమే రాలేదు. నాయనను మూగగా సాగనంపాం. “కట్టుకున్నోడు పోతే కంట నీళ్ళు పెట్టలే, ఎంత రాయి!” అని చుట్టాలే అన్నారు. ఆ మాట విన్న రోజు నా కడుపులో ఉన్నది పాము అయింది. ఎప్పటికైనా ఆ సారును నలుగురిలో నిలబెట్టి కడగకపోతే నేను నాయన కూతుర్నే కాదు అనుకున్నాను.

మొన్న వేసవిలో పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో కబురు వచ్చింది. సారు రిటైరవుతున్నాడు, మార్కాపురంలో ఫంక్షన్ హాల్లో సన్మానం. పాత పిల్లలు తలా రెండు నిమిషాలు మాట్లాడాలి. ‘నో పేపర్స్, ఆఫ్ ది కఫ్ ఓన్లీ, సార్ స్టైల్లో’ అని కింద నవ్వుతున్న బొమ్మలు. నాకు పండగ అయిపోయింది. ఇరవై ఏళ్ళు వంట చేస్తూ, బట్టలు ఉతుకుతూ, బస్సులో కూర్చుని నేను తిట్టుకున్న తిట్లన్నీ మంచి ఇంగ్లీషులోకి మార్చాను. పొయ్యి ముందు నిలబడి గరిటె పట్టుకుని చెప్పుకున్నాను. ఆఫ్ ది కఫ్ అంటే అంతే కదా మరి, దొరలూ అదే చేశారు. మా ఆయన, “రిటైరయ్యే మనిషిని వదిలెయ్యరాదూ,” అన్నాడు. “మీ అమ్మను ఎక్కించాడా స్టేజీ?” అన్నాను.

అమ్మకు ఫోన్ చేసి, “ఆ సారు సన్మానానికి పోతున్నా, వస్తావా?” అన్నాను. రాదనే అనుకున్నాను. ఆయన ఎట్లా మాడిపోతాడో అమ్మ కళ్ళారా చూడాలని మాత్రం నా ఆశ. “ఆ సారుదా? వస్తా,” అంది అమ్మ.

హాల్లో సారు సింహాసనం లాంటి కుర్చీలో కూర్చున్నాడు. గడ్డం దాకా దండలు, భుజాల మీద శాలువాలు, పక్కన సరస్వతి పటం ముందు దీపమూ ఊదొత్తులూ. ఆయన భార్య పక్క కుర్చీలో ఉంది. అమ్మను ముందు వరసలో కూర్చోబెట్టి, నీళ్ళ సీసా పట్టుకుని నేను స్టేజీ ఎక్కాను. మొదలుపెట్టాను. నా ఇంగ్లీషు ఎట్లా పారిందో నాకే ఆశ్చర్యం. ఒక పేదరాలిని అందరి ముందూ నవ్వులపాలు చేసిన గురువు గురించి చెప్పబోతున్నానని అన్నానో లేదో, సారు చప్పట్లు కొట్టి, “చూసినారా ఆ ఫ్లూయెన్సీ! కాగితం లేదు! ఈ అమ్మాయిని తయారుచేసింది ఎవరు? నేను!” అన్నాడు. హాలంతా చప్పట్లు. ఎవరో లేచి ఫొటో తీశారు. నేను గొంతు పెంచాను, చప్పట్లు ఇంకా పెరిగాయి. నేను తిడుతున్నది ఒక్కరికీ ఎక్కలేదు, నా ఇంగ్లీషు బాగుందన్నది మాత్రం ఎక్కింది. నా పగను ఆయన దండలా మెడలో వేసుకున్నాడు. ఏడుపు వచ్చింది నాకు, కోపంతో.

అప్పుడు అమ్మ లేచింది. చెప్పులు మెట్ల కింద విడిచి ఎక్కింది. మైకు వైపు చూడలేదు. నేరుగా సారు కుర్చీ ముందుకు పోయి, నేల మీద కూర్చుని, కొంగు తల మీదికి లాక్కుని, ఆయన మొహంలోకి చూసింది. పాదాలకు నమస్కారం పెట్టబోతోందనుకుని సారు చెయ్యి ఎత్తి దీవించబోయాడు. అమ్మ నుదురు కొట్టుకుని ఎత్తుకుంది.

“అయ్యో సారూ, నా దొడ్డ సారూ,
ఎంత సదువు సదివితివి సారూ, ఎంతమందికి సెప్తివి సారూ,
ముల్లుగర్ర పట్టిన చేతికి మైకు ఇస్తివి గదా సారూ,
రొట్టె తెచ్చినదాన్ని మెట్లెక్కిస్తివి గదా సారూ,
ఊరి పిల్లోళ్ళు నవ్విన పండ్లన్నీ నాకు సూపిస్తివి గదా సారూ!”

మొదట హాల్లో కొందరు నవ్వారు. రెండో రాగానికి నవ్వు ఆగింది. మార్కాపురం చుట్టుపక్కల పుట్టినవాళ్ళకు ఆ రాగం ఏందో ఎవరూ చెప్పనక్కరలేదు. దండలు, ఊదొత్తులు, కదలకుండా కుర్చీలో మనిషి, ముందు నేల మీద ఏడ్చే ఆడది. అందరికీ ఒక్కసారే అర్థమైంది. సారు భార్య చేయి తాళి మీదికి పోయింది. అది చూసి ఒక్క క్షణం నా మనసు చివుక్కుమంది. ఒక్క క్షణమే.

“అమ్మా, ఏందిది? ఆపమ్మా,” అన్నాడు సారు.

“ఆనాడు ఏడవమంటివి, నోరు రాలే సారూ,
ఈనాడు వచ్చె సారూ, ఆలస్యమాయె సారూ,
నా గొంతులో రాయి వేస్తివి గదా సారూ,
నా పెనిమిటి పోయిననాడు ఆ రాయి అడ్డం పడె సారూ,
కాళ్ళకాడ కూసొని మూగదాన్నయితి సారూ,
నీకు ఇన్ని దండలాయె సారూ, ఆయనకు నా ఏడుపు దండ లేకపాయె సారూ!”

ముందు వరసలో ముసలాయన ఒకరు తల వంచుకున్నారు. వెనక ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. సన్మానం పనులు చూసే కుర్రాడొకడు నా దగ్గరకు వచ్చి, “మేడం, అమ్మకు నీళ్ళియ్యండి మేడం, మీకు దండం పెడతా,” అని గొణిగాడు. సీసా నా చేతిలోనే ఉంది. ఇరవై ఏళ్ళు నేను అల్లుకున్న ఇంగ్లీషు అంతా ఉత్తదే. నా పగ తీర్చుకోవడానికి నాకు కావలసింది ఆ సీసా మూత తీయకపోవడం, అంతే. వాడి కళ్ళలోకి చూస్తూ మూత ఇంకాస్త బిగించాను. ఒళ్ళంతా చల్లబడింది. అంత హాయి నేను మళ్ళీ ఎరగను.

ఆ సారు మొహం ముందు ఎర్రబడింది, తర్వాత తెల్లబోయింది. ఆయనకు కూడా పద్ధతి తెలుసు, ఇక్కడి మనిషే కదా. ఎవరూ కదలడం లేదని చూసి, తనే దండలు సర్దుకుంటూ లేచి, బల్ల మీది గ్లాసు తీసుకుని అమ్మ ముందు వంగాడు. “తాగమ్మా, తప్పయిపోయింది, తాగు,” అన్నాడు. నీళ్ళు శాలువా మీద ఒలికాయి.

అమ్మ ఏడుపు ఆపి, కళ్ళు తుడుచుకుని, మామూలు గొంతుతో, “పోయినోళ్ళ చేతి నీళ్ళు తాగగూడదు సారూ,” అంది. తర్వాత కొంగు సర్దుకుని లేచి, “నీ దోవ చల్లగుండ,” అని పద్ధతి ప్రకారం చివరి మాట కూడా చెప్పి మెట్లు దిగింది. ఈసారి చెప్పులు వేసుకుంది. మేం భోజనాలకు ఆగలేదు.

తప్పయిపోయింది అన్నాడు కదా, ఇంకా ఏంది నీకు అని తర్వాత కొందరు ఫోన్ చేసి అడిగారు. ముసలి మనిషి, పండగ పూట, పాపం అన్నారు. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాలి అన్నాను. ఆయన అందరి ముందూ తప్పు ఒప్పుకున్నాడంటే ఏడుపు ఆపడానికే, అమ్మ కోసం కాదు. నేను క్షమించలేదు. క్షమించే ఉద్దేశం కూడా లేదు.

తిరుగు బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. బస్సు బేస్తవారిపేట దాటింది. రోడ్డు పక్కన కంది కోసిన చేలూ, బీట్లో మేస్తున్న గొర్లూ కనిపించాయి. ఒక మనిషి తలగుడ్డ చుట్టుకుని, కర్ర భుజాన అడ్డంగా పెట్టుకుని మంద వెనక పోతున్నాడు. అమ్మ తల తిప్పి, ఆ మనిషి కనుమరుగయ్యేదాకా చూసింది. ఆమె కొంగు తల మీదికి పోయింది.

“నా రాజా, నా గొర్ల కాపరీ,
ఎండలో పోతివి, నీడ అడగకపోతివి...”

కండక్టరు వెనక్కి తిరిగి, డ్రైవరు భుజం తట్టాడు. డ్రైవరు మోగుతున్న సినిమా పాట ఆపేశాడు. నాకు కళ్ళు కనిపించడం లేదు, ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది. ముందు సీట్లో అవ్వ ఒకామె తిరిగి, మెల్లగా, “ఎవరు పోయినారు పాపా?” అంది.

“మా నాయన, అవ్వా.”

“అయ్యో. ఎప్పుడు?”

“ఆరేండ్లయింది.”

అవ్వ తనూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చాలా సేపటి తర్వాత, “నీళ్ళియ్యి పాపా అమ్మకు, గొంతు ఎండిపోతాంది,” అంది.

“ఇస్తా అవ్వా. మా ఊరు రానీ,” అన్నాను. సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కంభం ఇంకా రాలేదు.